చిన్నమ్మ ఇంటి ఫోను లైను, నా బూట్ డిస్కు

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా ఆఫీసు కంప్యూటరు ఒకటి మొరాయించింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరమ్మాయి వచ్చి, దాన్ని అటూ ఇటూ చూసి, "ఇది బాగుపడదు సార్, మొత్తం తీసేసి కొత్తగా ఎక్కిద్దాం" అని బొటనవేలి గోరంత పెన్‌డ్రైవు ఒకటి దాని పక్కన గుచ్చింది. అందులో ఏముందని అడిగితే, "ఏం లేదు సార్, మిషన్‌ని లేపడానికి కావలసినంతే ఉంది. మిగతాదంతా నెట్‌లోంచి అదే తెచ్చుకుంటది. మనం చాయ్ తాగొద్దాం" అంది. కిందికి దిగి బండి దగ్గర నిలబడి, మోకాళ్ల నొప్పులకు ఏ నూనె మంచిదో చాయ్ పోసే ఆయనతో కాసేపు మాట్లాడి (నా వయసువాళ్లకు ఇప్పుడు దొరికే కబుర్లు ఇవే) పైకి వచ్చేసరికి, లినక్స్ తెర మీద తీరుబడిగా కూర్చుని, మీకు ఏ భాష కావాలి అని అడుగుతోంది. వరసలో తెలుగు కూడా ఉంది. ఆ అమ్మాయి మాత్రం గడియారం చూసుకుని పెదవి విరిచింది. "ఇయ్యాల నెట్ మస్తు స్లో ఉంది సార్, సారీ" అంది. అలసిపోయినవాడికి ఒక సౌకర్యం ఉంటుంది: ఆశ్చర్యపోవలసిన చోట కూడా కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. అలాగే కూర్చున్నాను. కూర్చున్నాక ఇటిక్యాల గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో నేను గద్వాలలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాణ్ణి. మా క్లాసు ఒక చీరల దుకాణం పైన ఉండేది. వెనకవైపు కిటికీ తెరిస్తే సందులోంచి మగ్గాల చప్పుడు వినిపించేది. నేను ఇక్కడ మౌసు పట్టుకోవడం నేర్పిస్తుంటే అక్కడ కింద మనుషులు చేతులతో, కాళ్లతో, కళ్లతో ఒకేసారి పని చేస్తుండేవారు. ఆరు రోజులు పాఠాలు చెప్పి గొంతు బొంగురుపోయేది. ఏడోరోజు ఆదివారం, పడుకోవలసిన రోజు. కానీ ఆ ఏడాది ఎండాకాలానికి ముందు కొన్ని నెలలపాటు నా ఆదివారాలన్నీ ఇటిక్యాలలో మా చిన్నమ్మ తీసేసుకుంది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. ఇటిక్యాలలో ప్రాథమిక పాఠశాల టీచరు. మా వంశంలో పొలం పనికి కాకుండా బడి పనికి పోయిన మొదటి ఆడమనిషి ఆమే. చర్చికి దగ్గర్లో రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా, వసారాలో గోడకు కొట్టిన చెక్కమీద ఎర్ర ఫోను. ఆ వాడలో ఆ కాలంలో ఫోనున్న ఇల్లు అదొక్కటే. వాడలో సగంమంది ఏటా పనులు లేని నెలల్లో మేస్త్రీల వెంట మట్టి పనులకు పోయేవాళ్లు. కాలువలు, సొరంగాలు, పెద్ద పెద్ద కట్టడాలు ఎక్కడ మొదలైతే అక్కడ మావాళ్లు ఉండేవారు. పోయినవాళ్లకు చిన్నమ్మ నంబరు కంఠతా వచ్చు. చదువు రానివాళ్లు కూడా ఆ అంకెలను పాటలాగా బట్టీపట్టి, ఏదో ఒక ఊరి ఎస్టీడీ బూతులో ఉన్నతనికి పాడి వినిపించి కలిపించుకునేవాళ్లు.

ఫోను వచ్చే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దానిమీదే నడిచింది. మొదట ఒకసారి మోగేది. చిన్నమ్మ ఎత్తి, ఎవరు, ఎవరికోసం అని కనుక్కుని పెట్టేసేది. తర్వాత వసారా అంచున నిలబడి బడిలో హాజరు పిలిచే గొంతుతో ఆ పేరు పిలిచేది. పిలిస్తే వాడ చివర బట్టలు ఉతుక్కుంటున్న మనిషి తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చేది. ఈలోపు అవతలి మనిషి బూతు దగ్గరే కాచుకుని మళ్లీ చేసేవాడు. రెండోసారి మోగినప్పుడు అసలు మాటలు. మాటలు అంటే ఎక్కువేం ఉండవు. తిన్నవా, పిల్లలు బాగున్నరా, వానపడ్డదా, పంపినవి అందినయా. చిన్నమ్మ ఆ సమయంలో లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండేది, తాను వినడం లేదని తెలియడానికి. ఈ ఫోన్లు ఎక్కువగా ఆదివారం ఆరాధన అయిపోయే వేళ నుంచి మధ్యాహ్నం దాకా వచ్చేవి. బడి పిల్లలతో వారమంతా వేగి వచ్చిన మనిషి ఆదివారం కూడా నడుం వాల్చకుండా వాడంతటికీ టెలిఫోను ఆపరేటరు పని చేసేది. విసుక్కునేది కూడా. "నాకు జీతం గవర్నమెంటిస్తది, చాకిరి మీది చేస్త" అనేది. ఫోను మోగితే మాత్రం అందరికంటే ముందు లేచేది.

ఇలా ఉండగా హైదరాబాదులోని ఒక సేవాసంస్థవాళ్లు చర్చి ద్వారా ఆమెకు రెండు వాడిన కంప్యూటర్లు ఇచ్చారు. వాడలో పదో తరగతి దాటిన ఆడపిల్లలకు సాయంత్రాలు నేర్పిస్తానని ఆమే అడిగి తెచ్చుకుంది. తాను నేర్చుకోని విద్యను ఎలా నేర్పుతావని అడిగితే, "నువ్వున్నవు గద బిడ్డా" అంది. ఆ మాటతో నా ఆదివారాలు పోయాయి. తీరా చూస్తే ఆ కంప్యూటర్లలో ఏమీ లేదు. పాతవాళ్ల లెక్కలు, ఉత్తరాలు మిగలకుండా అంతా తుడిచేసి ఇచ్చారు. ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి మిణుకు మిణుకుమనేది, అంతే.

గద్వాలలో అప్పట్లో ఏ ఆపరేటింగ్ సిస్టమైనా దొంగ కాపీ సులువుగా దొరికేది. ఒకటి తెచ్చి ఎక్కిస్తానన్నాను. చిన్నమ్మ చీపురు పక్కన పెట్టి నా వైపు చూసింది. "దొంగదా?" అంది. అందరూ వాడేదేనని చెప్పాను. "పిల్లలకు చదువు చెప్పే మిషన్ల దొంగ సామాను పెడతవా? నేనొద్దంట" అంది. అప్పుడు నేను లినక్స్ గురించి చెప్పాను. ఎవరెవరో దేశదేశాల మనుషులు కలిసి రాసి, అందరూ వాడుకోండని ఊరికే వదిలేశారని, కాపీ చేసుకుంటే తప్పు కాదు సరికదా సంతోషిస్తారని చెప్పాను. ఆమె నమ్మలేదు. "ఊరికెనే ఎందుకిస్తరు?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత తనే ఏదో అనుకుని, "సరే, అదే పెట్టు" అంది. వాడంతటికీ ఊరికే ఫోను ఎత్తే మనిషికి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నా దగ్గరున్నది పూర్తి డిస్కులు కాదు. ఒకే ఒక్క చిన్న బూట్ డిస్కు. అది మిషన్‌ని లేపి, నడవడానికి సరిపడా ఎముకల గూడు మాత్రం నిలబెడుతుంది. కండ, చర్మం, అంటే కిటికీలు, బొమ్మలు, తెలుగు అక్షరాలు, అన్నీ ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. పూర్తి డిస్కులు తెచ్చిస్తానన్న హైదరాబాదు స్నేహితుడు వచ్చే వారం, వచ్చే వారం అంటూనే పెళ్లి చేసుకుని బెంగళూరు వెళ్లిపోయాడు. ఇంటర్నెట్ అంటే ఇటిక్యాలలో ఆ ఎర్ర ఫోను లైనే. ఫోనుకు ఉన్న తీగ పీకి, మోడెం అనే చిన్న డబ్బాకు తగిలిస్తే, అది కీచుమని, గురగురమని కాసేపు గోల చేసి నెట్‌కు కలిసేది. ఎదురు అరుగు మీద కూర్చునే ముసలవ్వ మొదటిసారి ఆ గోల విని, "గా డబ్బ ఎందుకట్ల ఏడుస్తది టీచరమ్మా, దానికేమన్న నొప్పా?" అని అడిగింది. తీగ మోడెంలో ఉన్నంతసేపు ఇంటికి ఫోను రాదు. ఎవరు చేసినా అవతలి మనిషికి లైను ఖాళీ లేదన్న కూత వినిపిస్తుంది. దించుకోవలసినదేమో కొండంత, తీగలోంచి వచ్చేది పలచటి ధార. మధ్యలో కరెంటు పోతుంది, లైను తెగుతుంది, గాలి గట్టిగా వీస్తే కూడా ఎక్కడో స్తంభం దగ్గర ఏదో కదిలి అంతా ఆగిపోతుంది. ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలయ్యే సుగుణం ఆ సిస్టంకు ఉండేది. ఆ సుగుణమే లేకపోతే నేను ఆ నెలలోనే కంప్యూటర్ల వృత్తి మానేసి ఎర్రవల్లి చౌరస్తాలో మిర్చి బజ్జీలు వేసుకునేవాణ్ణి.

చిన్నమ్మ వేళలు పెట్టింది. పొద్దున్నుంచి ఆరాధన అయ్యేదాకా తీగ నాది. ఆరాధన అయ్యాక అన్నాల వేళదాకా తీగ వాడది. తర్వాత పొద్దుగూకేదాకా మళ్లీ నాది. నా వంతు రాగానే కలుపుతాను, అది ఒక్కో ఫైలును చీమలాగా మోసుకొస్తుంటుంది, తెర మీద అంకెలు పెరుగుతుంటాయి, నేను చూస్తూ కూర్చుంటాను. చూసి చేసేదేమీ లేదు, కానీ చూడకపోతే ఆగిపోతుందేమోనని భయం. నీళ్లు మరిగేదాకా పొయ్యి దగ్గర నిలబడినట్టే. ఇన్ని ఆదివారాలు ఇలా కూర్చున్నాక నాకు కంప్యూటరు మీద ఉన్న మోజంతా పోయింది. నిజం చెప్పాలంటే అది తర్వాత పూర్తిగా ఎప్పుడూ తిరిగి రాలేదు.

వాడ వంతు సమయంలో తప్పకుండా వచ్చి కూర్చునే మనిషి ఎదురింటి అక్క. నాకంటే కొద్దిగా పెద్దది. ఆమె భర్తను నేను బావా అనేవాణ్ణి. బావ ఆ ఏడాది మేస్త్రీ వెంట మహారాష్ట్రలో కాలువ పనికి పోయాడు. చంటివాడు ఉన్నాడని, అత్త మంచంలో ఉందని అక్క ఈసారి ఆగిపోయింది. ఇంటికి ఆధారం ఒక మేక, దాని రెండు పిల్లలు, అక్క కూలి. ఆదివారం కాగానే ఆమె చాటలో పల్లికాయ పోసుకుని వచ్చి, ఫోను కింద గోడకు ఆనుకుని ఒలుస్తూ కూర్చునేది. చేతులు పనిలో, చెవులు ఫోనులో. బావ మొదట్లో ప్రతి ఆదివారం చేశాడు. పని జాగాలో తెలుగు మాట్లాడేవాళ్లు కూడా ఉన్నారని, బువ్వకు ఇబ్బంది లేదని చెప్పాడు. తర్వాత ఒక ఆదివారం చేయలేదు. ఆ తర్వాతిదీ చేయలేదు. పనిలో తీరిక లేదేమోనని అందరూ అన్నారు. ఆమె కూడా అదే అంది, కానీ నా వంతు వచ్చి తీగ పీకేటప్పుడు ఆ తీగవైపు చూసే చూపు మారిపోయింది. నేను మోడెంకు తగిలిస్తుంటే, "ఇప్పుడు చేస్తే ఆయనకేమినబడ్తది తమ్మీ?" అని అడిగింది. లైను ఖాళీ లేదని వినబడుతుందని చెప్పాను. "అంటే మనం ఇంట్ల ఉన్నట్టు తెలుస్తది గద?" అంది. తెలుస్తుందన్నాను. చాట తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం వాడ వంతులోనే ఫోను మోగింది. చిన్నమ్మ ఎత్తింది. అవతల ఏదో రద్దీ, లారీల చప్పుడు, దాని మధ్య ఎవరో మగమనిషి గట్టిగా అరుస్తున్నాడు. చిన్నమ్మ "ఎవరు? ఏమైంది? ఏ దవాఖాన?" అని తనూ అరిచింది. దవాఖాన అన్న మాట వినగానే అక్క చేతుల్లో పల్లికాయ ఆగిపోయింది. "ఏ ఊరు నాయనా? ఊరు జెప్పు, ఊరు" అని చిన్నమ్మ అడుగుతుండగానే తెగిపోయింది. రిసీవరు పెట్టేసింది. తర్వాత అక్క పక్కన నేలమీద కూర్చుని, బడిలో పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా తీసి తీసి చెప్పింది. "మేస్త్రీ మనిషంట. కాలువల మట్టిపెళ్ల ఇరిగి పడ్డదంట. నీ పెనిమిటిని దవాఖానల ఏసిండ్రంట. మల్ల చేస్తనన్నడు. ఊరు పండర్ అని ఏందో అన్నడు, అంతల్నే కట్టయింది."

అక్క ఏడవలేదు. లేచి ఫోనుకు ఎదురుగా నిలబడింది. మళ్లీ చేస్తానన్నాడు కదా, చేస్తాడు. వాడలో కబురు పాకి వసారా నిండిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఊళ్లూళ్లూ తిరిగి మట్టి పని చేసిన ఒక పెద్దాయన, "పండర్ అంటే పండరీపూరే. నేను పోయిన గద, షోలాపూరు అవతల" అని తేల్చేశాడు. తెలుగు మాట్లాడేవాళ్లున్నారని బావ అన్నాడు కదా, అదీ సరిపోయింది. గద్వాల నేతవాళ్ల చుట్టాలు షోలాపూరులో ఉన్నారని నాకూ తెలుసు. ఇద్దరు మగవాళ్లు అప్పుడే బస్సులు మాట్లాడుకుంటున్నారు, రాయచూరు మీదుగా పోదామని. చిన్నమ్మ నంబర్లు చెప్పే టెలిఫోను ఎంక్వైరీకి చేసింది. మోగింది, మోగింది, ఆదివారం కాబట్టి కావచ్చు, ఎవరూ ఎత్తలేదు. పెట్టేసి మళ్లీ అందరం ఆ ఎర్ర ఫోను వైపు చూస్తూ నిలబడ్డాం. అది మోగలేదు.

అప్పుడు నేను అన్నాను. తీగ ఇస్తే ఇంటర్నెట్‌లో ఆ ఊరి దవాఖాన ఫోను నంబరు వెతకవచ్చు అన్నాను. దించుతున్న సిస్టం ఇంకా సగం కూడా రాలేదు, బొమ్మలు లేవు, తెలుగు లేదు, నల్లటి తెరే. కానీ అక్షరాలు మాత్రం చూపించే బ్రౌజరు ఒకటి ఆ ఎముకల గూడుతోనే వచ్చింది. దానితో చూడొచ్చు. అయితే చూస్తున్నంతసేపు ఫోను రాదు. ఆ చివరి మాట అనగానే వసారాలో అందరూ నామీద లేచారు. "గంతల ఆ మేస్త్రీ మనిషి చేస్తే?" అన్నారు. "పైసలు కూడగట్టుకుని మళ్లొక్కసారి చేస్తడు, అప్పుడు గీ డబ్బ ఏడ్చుకుంట కూసుంటే?" అన్నారు. వాళ్లది తప్పనడానికి లేదు. ఒకవైపు వస్తుందో రాదో తెలియని ఫోను, మరోవైపు దొరుకుతుందో లేదో తెలియని నంబరు. ఉన్నది ఒకే తీగ. చిన్నమ్మ కూడా ఏమీ తేల్చలేక అక్క ముఖం చూసింది. అందరికీ వేళలు పెట్టిన మనిషి ఆ రోజు వేళ పెట్టలేకపోయింది.

అక్క చాలాసేపు ఫోను మీద చెయ్యివేసి నిలబడింది. చివరికి తనే ఆ ఫోను వెనక తీగను తడుముకుని, క్లిప్పు ఎలా నొక్కాలో తెలియక లాగి, లాగి, ఊడదీసి నా చేతిలో పెట్టింది. "ఆ మనిషి మల్ల చేయగలిగెటోడైతే ఈ పాటికి చేసెటోడు. కలుపు తమ్మీ" అంది.

కలిపాను. ఆ డబ్బా ఎప్పటిలాగే కీచుమంది, గురగురమంది. పేజీలు ఒక్కో వరుస, ఒక్కో వరుస దిగుతుంటే నా వెనక అక్క ఊపిరి వినిపిస్తోంది. మరాఠీలో ఉన్నచోటల్లా తెర మీద ప్రశ్నార్థకాలే వచ్చాయి, పక్కన ఇంగ్లీషు ఉన్నచోట పట్టుకున్నాను. పండరీపురం ఆస్పత్రి నంబరు దొరికింది. అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. అదే వెతుకులాటలో దాని కింద ఇంకో ఊరి పేరు కూడా వచ్చింది, పండర్‌కవడా. నేను ఎన్నడూ వినలేదు. అది మహారాష్ట్రకు ఈ చివర, మన ఆదిలాబాదు దాటగానే. పండరీపురమేమో ఆ చివర. ఒక చోటికి అనుకుని ఇంకో చోటికి బస్సెక్కితే మనిషిని చేరేసరికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరు చెప్పగలరు? ఆ ఊరి దవాఖాన నంబరు కూడా వెతికి రాసుకుని తీగ పీకి ఫోనుకు తగిలించాను. తగిలించగానే మోగుతుందేమోనని ఒక్క క్షణం అందరం ఆగాం. మోగలేదు.

చిన్నమ్మ మొదట పండరీపురం చేసింది. బడిలో కాకుండా సంతలో నేర్చుకున్న ఉర్దూ ఆమెది. అది పట్టుకుని, "భాయ్, జర దేఖో, హమారా ఆద్మీ" అని బతిమాలింది. అవతల ఎవరో ఓపికగా వెళ్లి చూసి వచ్చి, కాలువ పని నుంచి ఎవరూ రాలేదని చెప్పారు. పెద్దాయన తల వంచుకున్నాడు. రెండో నంబరుకు చేస్తే చాలాసేపటికి ఒక ఆడమనిషి ఎత్తింది. చిన్నమ్మ మళ్లీ "జర దేఖో" మొదలుపెట్టగానే, అవతలి మనిషి, "మీరు తెలుగోళ్లా అమ్మా? తెలుగులనే చెప్పుండ్రి, మాది ఆదిలాబాద్ దిక్కే" అంది. చిన్నమ్మ ఉర్దూ అక్కడే వదిలేసింది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. ఆ ఆయమ్మ ఫోను బల్లమీద పెట్టి వార్డుకు వెళ్లింది. ఆమె చెప్పుల చప్పుడు దూరమవడం, ఎవరో దగ్గడం, ఎక్కడో ట్రాలీ చక్రాలు తిరగడం, ఇవన్నీ రిసీవరులోంచి వస్తుంటే చిన్నమ్మ దాన్ని అక్క చెవికి ఆనించింది. చెప్పుల చప్పుడు మళ్లీ దగ్గరికొచ్చింది.

తర్వాత అక్క చెప్పింది కాబట్టి ఆ మాటలు నాకు తెలుసు. ఆ ఆయమ్మ, "ఉన్నడమ్మా, ఉన్నడు. కాలు ఇరిగింది, పట్టీ కట్టిండ్రు. మంచిగనే మాట్లాడుతుండు. నీకో మాట చెప్పుమన్నడు. పెబ్బేరు సంతకు మేకను తోలొద్దన్నడు" అందట. అక్క రిసీవరు పెట్టేసి మావైపు తిరిగి, "మేకను అమ్మొద్దంట" అంది. అని, నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఎప్పుడు ఏడుపైందో ఎవరికీ తెలియలేదు. ఆమె వచ్చే సంతకు మేకను తోలాలని అనుకుంటున్నట్టు అంతదూరంలో మంచంమీద పడుకున్న మనిషి ఎలా కనిపెట్టాడోనని వాడంతా ఆ తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు. కనిపెట్టడానికేముంది, ఇల్లు నడిపే మనిషి ఇబ్బందిలో మొదట చూసేది కొట్టంవైపే కదా.

అందరూ వెళ్లాక అక్క నా దగ్గరికి వచ్చి ఆ నల్లటి తెర వైపు చూసింది. "ఇదంత ఐపోయిందా తమ్మీ?" అని అడిగింది. ఇంకా సగం కూడా కాలేదక్కా అన్నాను. "సగం కాకుంటనే గింత తెలిసిందా దీనికి" అని, చెంగుతో కంప్యూటరు మీది దుమ్ము ఒకసారి తుడిచి వెళ్లింది. నేను ఎన్నో సిస్టంలు ఎక్కించాను, ఎన్నో ఆఫీసుల్లో. ఎవరూ ఎప్పుడూ దానిమీద దుమ్ము తుడవలేదు.

మరునాడే చిన్నమ్మ సెలవు పెట్టి అక్కను వెంటబెట్టుకుని బయలుదేరింది. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సెక్కించడానికి నేనూ వెళ్లాను. పెబ్బేరు మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి ఆదిలాబాదు, ఆ పైన ఆ ఊరు. తర్వాత మ్యాపు చూస్తే తెలిసింది, మా చౌరస్తా ముందు నుంచి పోయే ఆ పెద్దరోడ్డే చివరిదాకా పోతుందని. బావ ఇన్ని రోజులూ మా రోడ్డు పక్కనే పడుకుని ఉన్నాడు, ఎంతో ఎగువన. మేమేమో ఎటు వెళ్లాలో తెలియక వసారాలో నిలబడ్డాం. కొన్ని వారాలకు అతన్ని ఇంటికి తెచ్చుకున్నారు. కాలు అతికింది కానీ సరిగ్గా అతకలేదు. పార పట్టుకుని బరువు ఆ కాలిమీద ఆపలేకపోయేవాడు. మట్టి పని మనిషికి అది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

నా పని మళ్లీ మొదలైంది. ఇంకొన్ని ఆదివారాలు కూర్చుంటే చివరికి కిటికీలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి, తెలుగు కూడా వచ్చింది. వచ్చిన తెలుగులో ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు జరిగి నిలబడ్డాయి. నేను సర్దుకుపొమ్మన్నాను. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "ఒత్తులు పక్కకు పెట్టిన పిల్లగాండ్లకు నేను మొట్టికాయ ఏస్త. మిషన్‌కు ఎందుకు మాఫీ?" అంది. సరైన ఫాంటు దించేసరికి ఇంకో ఆదివారం పోయింది. ఆ తర్వాత సాయంత్రాలు వాడ ఆడపిల్లలు ఆరేడుగురు వచ్చి రెండు మిషన్ల ముందు వంతులు వేసుకుని కూర్చునేవారు. వాళ్లలో ఇద్దరు తర్వాత వనపర్తిలో కాలేజీకి వెళ్లారు. ఒకమ్మాయి పెద్దమందడిలో మీసేవ దుకాణం నడుపుతోందని విన్నాను. మిగతావాళ్లు ఎక్కడున్నారో నాకు తెలియదు.

అక్క మాత్రం ఆ తరగతులు ఎక్కువ రోజులు చూడలేదు. తర్వాతి పని కాలం రాగానే, ముందు ఇచ్చిన డబ్బుకు పని కావాలని మేస్త్రీ వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. ఈసారి అక్క వెళ్లింది, హైదరాబాదులో కట్టడాల పనికి. చంటివాడు, మంచంలోని ముసలమ్మ, మేక, మూడూ బావ చేతికొచ్చాయి. ఆదివారం ఆరాధన కాగానే అతను కుంటుకుంటూ వచ్చి ఆ ఫోను కింద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చంటివాడు ఒళ్లో ఉండేవాడు. పల్లికాయ ఒలవడం అతనికి అలవాటు లేదు, చేతులు ఊరికే ఉండేవి. ఊరికే ఉన్న చేతులతో ఎదురుచూడడం ఇంకా కష్టమని అతన్ని చూశాకే తెలిసింది. పిల్లల మిషన్లు చూడడానికి నేను అప్పుడప్పుడు వెళ్లి నెట్ కలిపేవాణ్ణి కాబట్టి, తీగ ఎవరి వంతులో ఉందో అడిగేవాడు. ఫోను వచ్చినప్పుడు అవే మాటలు. తిన్నవా, పిల్లగాడు బాగుండు, వానపడలే. ఒకసారి అతను ఫోను పెట్టేసి, "ఆడ ఉన్నప్పుడు నాకు తెల్వలే తమ్మీ, ఈడ ఆదివారం గింత పొడుగుంటదని" అన్నాడు. నేను తెర వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు మీటలు నొక్కాను.

కొన్నేళ్లకు వాడలో ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చాయి. చిన్నమ్మ వసారా మూగబోయింది. ఆమెకు ఆ నిశ్శబ్దం మొదట హాయిగా ఉండేదట, తర్వాత తోచేది కాదట. కంప్యూటర్లు ఒకదాని వెనక ఒకటి పాడై పాత సామాన్లవాడి బండి ఎక్కాయి. ఆమె రిటైరై వనపర్తి వెళ్లింది. చర్చి కమిటీలో చేరి అక్కడివాళ్లకు వేళలు పెడుతోంది.

మొన్న ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లి ఆమెకు ఫోను చేశాను. ఇటిక్యాలలో మనం సిస్టం ఎక్కించిన ఆదివారాలు గుర్తున్నాయా అని అడిగాను. "ఏం సిస్టం?" అంది. కంప్యూటర్లు, బూట్ డిస్కు, మోడెం అని గుర్తుచేయబోయాను. ఆమెకు అవేమీ గుర్తులేవు. ఆ ప్రయాణం మాత్రం గుర్తుంది. ఆదిలాబాదు బస్సులో అక్క దారంతా కిటికీలోంచి మైలురాళ్లు చూస్తూ, ఒక్కొక్కటి రాగానే "ఇంకెంత దూరం టీచరమ్మా" అని అడిగిందట. వార్డులోకి వెళ్లాక బావ ఆమెను చూసి, ముందు మేక సంగతే అడిగాడట. అక్క సమాధానం చెప్పకుండా అతని మంచం మీద కూర్చుని నిద్రపోయిందట, కూర్చున్నపళంగానే.

"ఇప్పుడు వాళ్లెట్లున్నరు చిన్నమ్మా?" అని అడిగాను. "మొన్నటేడు దాంక ఆమె ఆడ, ఆయన ఈడ. ముసలామె పోయింది, పిల్లగాడు పెద్దగైండు. ఇప్పుడు హైదరాబాదుల ఏదో అపార్టుమెంటుల ఆయనకు వాచ్‌మన్ పని దొరికింది. గేటు పక్కన గది ఇచ్చిండ్రు. ఇద్దరు ఒక్కకాడ ఉన్నరు బిడ్డా, ఇన్నేండ్లకు" అంది. చిన్నమ్మ ఇంకా ఏదో చెబుతోంది కానీ నేను ఆ గది గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. ఈ ఏళ్లన్నిటిలో మాటలు, బొమ్మలు, అక్షరాలు అన్నీ వేగంగా రావడం నేర్చుకున్నాయి; మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు చేరడానికి పట్టే కాలాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేకపోయారు.